గొంతు మనది, మైకు ఎవరిది? – 9 : ఎడ్ బ్రాడ్లీ



పోయిన వారమే రావలసిన భాగం ఇది. ఇంటర్నల్ పరీక్షల పేపర్లు దిద్దే పనిలో పడి రాయలేకపోయాను. ఈలోగా వచ్చిన ఒక ఫోన్ కాల్ నేను రాద్దామనుకున్న వ్యాసాన్నే మార్చేసింది.

ఫోన్ చేసింది నా పాత విద్యార్థిని. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకుంది. ఆ తర్వాత జర్నలిజం చేసి ఒక న్యూస్ ఛానెల్లో రిపోర్టరుగా చేరింది. క్లాసులో జాషువా పద్యం రాగం తీసి చదివితే వెనక బెంచీలు కూడా సద్దుమణిగేవి. నాటకమన్నా, పాటన్నా, పుస్తకమన్నా ప్రాణం. ఎప్పటికైనా రవీంద్రభారతి కార్యక్రమాలు, బుక్ ఫెయిర్లు, రచయితల ఇంటర్వ్యూలు చేయాలని ఆమె కోరిక.

"మేడం, చేరి రెండేండ్లయింది. హాస్టల్ల పిల్లలకు అన్నం బాగలేకపోతే నేనే పోవాలె. విగ్రహం ఎవరన్నా పగలగొడితే నేనే. ఊళ్ల గొడవైతే నేనే. నాటకాల పండుగ ఉన్నదంటే మాత్రం వేరేటోళ్లు పోతరు. అడుగుతే ఏమంటున్నరో తెలుసా? 'మీ వాళ్ల విషయాలు నీకే బాగ తెలుస్తయి కదమ్మా' అంటున్నరు. ఒద్దందామంటే మనోళ్లకు ద్రోహం చేసినట్టుంటది. సరే అందామంటే జీవితమంతా ఇదే అయితది. ఏం చెయ్యమంటరు మేడం?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులు ఆగమ్మా అన్నాను. ఆ రెండు రోజులూ నా బుర్రలో తిరిగిన పేరు ఎడ్ బ్రాడ్లీ. అమెరికాలో సీబీఎస్ టీవీలో దాదాపు ముప్ఫై అయిదేళ్లు పనిచేసిన నల్లజాతి జర్నలిస్టు. యుద్ధం నుంచి సంగీతం దాకా అన్నీ చెప్పినవాడు. నా విద్యార్థిని అడిగిన ప్రశ్ననే అతను 1960ల చివర న్యూయార్క్‌లో ఎదుర్కొన్నాడు. అందుకే ఈ వారం అతని కథ.

ఎడ్ బ్రాడ్లీ 1941 జూన్ 22న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. అతనికి రెండేళ్లప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి పెంచింది. తండ్రి డెట్రాయిట్‌లో ఉండేవాడు, వేసవి సెలవులకు పిల్లవాడు అక్కడికి వెళ్లేవాడు. పేదపేట. అమ్మ, నాన్న ఇద్దరూ రెండేసి ఉద్యోగాలు చేసి బతుకు నెట్టారని, అయినా నువ్వు ఏదైనా కాగలవు అని తనకు చెబుతూనే ఉన్నారని బ్రాడ్లీ తర్వాత గుర్తుచేసుకునేవాడు. మనలో ఎంతమందికి ఇది సొంత ఇంటి ముచ్చటలా వినిపిస్తోంది!

క్యాథలిక్ బడుల్లో చదివి చేనీ కాలేజీలో చేరాడు. 1837లో మొదలైన ఈ చేనీ, అమెరికాలో నల్లజాతి వాళ్ల చదువు కోసం ఏర్పడిన తొలి ఉన్నత విద్యాసంస్థ. బ్రాడ్లీ అక్కడ 1964లో బీ.ఈడీ. లాంటి టీచరు డిగ్రీ తీసుకుని ఫిలడెల్ఫియాలోనే ఒక ప్రాథమిక పాఠశాలలో ఆరో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పాడు. అవును, మన సీబీఎస్ హీరో మొదట బడిపంతులు.

పగలు బడి, సాయంత్రం రేడియో. డబ్ల్యూడీఏఎస్ అనే స్టేషన్ నల్లజాతి శ్రోతల కోసం నడిచేది. అక్కడ పేరున్న డిస్క్ జాకీ ఒకాయన బ్రాడ్లీని స్టేషన్‌కు తీసుకెళ్లి చూపించాడు. ఇక వదల్లేదు. మొదట జీతం లేకుండా, తర్వాత కనీస వేతనానికి పనిచేశాడు. జాజ్ రికార్డులు వేసేవాడు, బాస్కెట్‌బాల్ ఆటకు వ్యాఖ్యానం చెప్పేవాడు, వార్తలు చదివేవాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. అతను రేడియోలోకి వచ్చింది కళ తలుపు గుండా. వార్త తర్వాత వచ్చింది.

ఎలా వచ్చింది? 1964 ఆగస్టు చివర ఉత్తర ఫిలడెల్ఫియా భగ్గుమంది. కూడలిలో ఆగిపోయిన కారు దగ్గర ఒక నల్లజాతి మహిళకూ పోలీసులకూ మొదలైన గొడవ మూడు రోజుల అల్లర్లుగా మారింది. పోలీసుల దౌర్జన్యం మీద ఏళ్ల తరబడి పేరుకున్న కోపం అది. బ్రాడ్లీ టేపు రికార్డరు పట్టుకుని ఆ వీధుల్లోకి వెళ్లాడు. జనం మధ్య నుంచి వార్తలు పంపాడు. పాటలు వేసే కుర్రాడు రిపోర్టరయ్యాడు.

మూడేళ్ల తర్వాత, 1967లో న్యూయార్క్‌లోని డబ్ల్యూసీబీఎస్ రేడియో పూర్తిగా వార్తల స్టేషన్‌గా మారింది. బ్రాడ్లీ ఉద్యోగానికి వెళ్లాడు. స్టూడియోలో కూర్చుని కాపీ రాసి చదివి వినిపించమన్నారు. రాతలో ఆరితేరిన వాళ్లతో అక్కడ పోటీపడితే తను నిలవనని అతనికి తెలుసు. ఒక రికార్డరు ఇవ్వండి, బయటికెళ్లి వార్త తెస్తాను అన్నాడు. వెళ్లాడు, తెచ్చాడు. ఉద్యోగం వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. అతని ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ తలుపు ఆ ఏడాదే ఎందుకు తెరుచుకుంది?

1967 వేసవిలో డెట్రాయిట్, న్యూవార్క్‌తో సహా అనేక నగరాలు మండాయి. అధ్యక్షుడు జాన్సన్ ఒక కమిషన్ వేశాడు. కెర్నర్ కమిషన్ అంటారు. 1968లో వచ్చిన దాని నివేదికలో ఒక అధ్యాయం మొత్తం మీడియా గురించే. అమెరికా పత్రికలు, టీవీలు తెల్లవాళ్ల కళ్లతోనే దేశాన్ని చూస్తున్నాయని, నల్లజాతి వాళ్ల బతుకు వాటికి కనబడటం లేదని ఆ కమిషన్ తేల్చింది. వార్తా సంస్థల సంపాదక విభాగాల్లో నల్లజాతి వాళ్లు 5 శాతం కూడా లేరు. ఎడిటర్లు, పైస్థాయి వాళ్లలో 1 శాతం కూడా లేరు. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది నల్లజాతి యాజమాన్య సంస్థల్లోనే ఉన్నారు.

మండుతున్న పేటల్లోకి తెల్ల రిపోర్టర్లు వెళ్లలేని పరిస్థితిలో ఛానెళ్లకు నల్ల రిపోర్టర్లు గుర్తొచ్చారు. ఇది వాస్తవం. తలుపు దయతో తెరుచుకోలేదు, వీధిలో లేచిన మంటల సెగకు తెరుచుకుంది. కానీ అలా లోపలికి వచ్చినవాళ్లకు ఇంకో గది సిద్ధంగా ఉంది. 'నల్లజాతి వార్తలు' అనే గది. మంటల కోసం పిలిచారు కాబట్టి మంటలే చూపించాలి. నగర బడ్జెట్ గురించో, నాటకశాల గురించో చెప్పే అర్హత ఇంకెవరికో ఉంది.

బ్రాడ్లీకి ఈ గది కొన్నాళ్లకే అర్థమైంది. తనకు వచ్చే పనులన్నీ నల్లజాతి వాళ్లకు సంబంధించినవే. అతను నేరుగా ఎడిటర్ దగ్గరికి వెళ్లి అడిగేశాడు. ఆ తర్వాత రకరకాల వార్తలు అతని చేతికి రావడం మొదలైంది.

చూడటానికి చిన్న సంఘటన. నా ఉద్దేశంలో అతని జీవితమంతా ఈ ఒక్క అడగడంలో ఉంది. ఎందుకంటే ఆ తర్వాత నలభై ఏళ్లు అతను నల్లజాతి వార్తలను వదిలిపెట్టలేదు. తెల్లవాళ్లలా కనిపించడానికి వాటి నుంచి పారిపోలేదు. అతను తిరస్కరించింది వార్తను కాదు, గదిని.

1971లో విసుగొచ్చి ఉద్యోగం మానేసి పారిస్ వెళ్లిపోయాడు. నవల రాద్దామనుకున్నాడు, కవిత్వం రాసుకున్నాడు. డబ్బులైపోయాయి. సీబీఎస్ పారిస్ ఆఫీసులోనే స్ట్రింగర్‌గా చేరాడు. మన జిల్లాల్లో స్ట్రింగర్ల బతుకు తెలిసినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది: పంపిన వార్తకే డబ్బు, మిగతా భద్రత ఏదీ ఉండదు. వియత్నాం శాంతి చర్చలు అప్పుడు పారిస్‌లోనే జరుగుతున్నాయి. 1972లో తానే అడిగి యుద్ధభూమికి వెళ్లాడు. 1973లో కంబోడియాలో మోర్టార్ షెల్ పేలి వీపుకూ చేతికీ ముక్కలు దిగాయి. అయినా 1975లో మళ్లీ వెళ్లాడు. సైగాన్ పడిపోయినప్పుడు చివరి దాకా ఉండి బయటపడ్డ అమెరికన్ జర్నలిస్టుల్లో అతనొకడు.

1976లో జిమ్మీ కార్టర్ ఎన్నికల ప్రచారం, ఆ తర్వాత వైట్ హౌస్. సీబీఎస్ తరఫున అక్కడ పనిచేసిన తొలి నల్లజాతి విలేకరి బ్రాడ్లీయే. అదే ఏడాది నుంచి ఆదివారం రాత్రి వార్తలకు యాంకర్ కూడా. పదవి పెద్దదే. కానీ అధ్యక్షుడు ఎటు వెళితే అటు వెంట తిరిగే ఆ పని అతనికి నచ్చలేదు. 1978లో దాన్ని వదిలి డాక్యుమెంటరీల విభాగానికి వెళ్లాడు. ప్రతిష్ఠ ఉన్న కుర్చీని వదిలి, పని ఉన్న చోటికి వెళ్లాడన్నమాట.

మిత్రులారా, 1979 అనే ఒక్క ఏడాదిని పట్టుకుని చూడండి. ఆ ఏడాది అతను చేసిన మూడు కార్యక్రమాలు చెబుతాను.

ఒకటి, వియత్నాం నుంచి పడవల్లో పారిపోయి వచ్చిన శరణార్థుల మీద. మలేషియా తీరంలో పడవ దగ్గరికి బ్రాడ్లీ తానే నీళ్లలోకి దిగి మనుషుల్ని ఒడ్డుకు చేర్చడంలో చేయి వేశాడు. ఆ దృశ్యం చాలామందికి గుర్తుండిపోయింది.

రెండు, బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా చైనా యాత్ర మీద. అమెరికా, చైనా మధ్య దౌత్య సంబంధాలు మొదలైన ఏడాది అది. సేజీ ఒజావా నాయకత్వంలో వాద్యబృందం మార్చిలో వెళ్లింది. సాంస్కృతిక విప్లవ కాలంలో పాశ్చాత్య సంగీతాన్ని నిషేధించిన దేశం అది. ఇది కళల వార్తా, రాజకీయ వార్తా? రెండూ. పాటను పాటగా వింటూనే దాని వెనక చరిత్రను చూడగలిగినవాడే అలాంటి కథ చెప్పగలడు.

మూడు, అమెరికాలో నల్లజాతి వాళ్ల స్థితి మీద. బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పింది. ఆ తీర్పును ఎప్పటికి అమలు చేయాలో చెప్పాల్సి వచ్చినప్పుడు, 1955లో, గడువు పెట్టకుండా 'ఆలోచించి త్వరగా' అన్న అర్థమొచ్చే మెత్తని మాట వాడింది. పాతికేళ్ల తర్వాత ఆ 'త్వర' ఎంతవరకు వచ్చిందని బ్రాడ్లీ తన కార్యక్రమం పేరులోనే ప్రశ్నార్థకం పెట్టి అడిగాడు.

శరణార్థులు, సింఫనీ, సొంత జనం. మూడూ ఒకే మనిషి, ఒకే ఏడాది. 'నీ వార్తలు ఇవి, మా వార్తలు అవి' అన్న గీతను ఇంతకంటే బాగా ఎవరు చెరిపారు?

1981లో డాన్ రాదర్ సాయంత్రం వార్తల యాంకర్‌గా వెళ్లడంతో 'సిక్స్టీ మినిట్స్'లో ఖాళీ అయిన స్థానం బ్రాడ్లీకి వచ్చింది. అమెరికాలో అత్యధికులు చూసే వార్తా కార్యక్రమంలో తొలి నల్లజాతి కరస్పాండెంట్ అతను. చనిపోయే దాకా, పాతికేళ్లు అక్కడే.

ఆ ఏడాది డిసెంబరులోనే గాయని లీనా హోర్న్ మీద చేసిన కథనం వచ్చింది. లీనా ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1940లలో హాలీవుడ్ పెద్ద స్టూడియోతో ఒప్పందం చేసుకున్న నల్లజాతి నటి. కానీ ఆమె పాటలను మిగతా కథతో సంబంధం లేకుండా విడిగా తీసేవారు. ఎందుకంటే దక్షిణాది రాష్ట్రాల థియేటర్లలో ఆ ముక్కను కోసేసి సినిమా ఆడించుకోవచ్చు! ఊహించండి, నీ ముఖం సులువుగా కత్తిరించడానికి వీలుగా నిన్ను తెర మీద పెట్టడం. 1950లలో పాల్ రాబ్సన్‌తో స్నేహం లాంటి కారణాలతో ఆమెను నల్లజాబితాలో పెట్టి అవకాశాలు మూసేశారు. అలాంటి మనిషి 1981లో, అరవై దాటాక, బ్రాడ్‌వేలో తన ఒక్కదాని ప్రదర్శనతో ఊరంతటినీ తన ముందు కూర్చోబెట్టుకుంది. అప్పుడు బ్రాడ్లీ ఆమె ఎదుట కూర్చున్నాడు.

ఆ ఇంటర్వ్యూ అతనికి ఎంత ఇష్టమంటే, స్వర్గద్వారం దగ్గర నన్ను ఆపి లోపలికి రావడానికి నువ్వేం చేశావని అడిగితే, నా లీనా హోర్న్ కథ చూశారా అని అడుగుతానని సరదాగా అనేవాడు. యుద్ధంలో గాయపడ్డవాడు, వైట్ హౌస్ చూసినవాడు, తన జీవితానికి సాక్ష్యంగా ఒక గాయని కథను ఎంచుకున్నాడు. మన ఉద్యమాల్లో కూడా కొందరు పాటను మీటింగుకు ముందు జనాన్ని కూడగట్టే పనిముట్టుగానే చూస్తారు. వాళ్లు ఈ విషయం మీద ఒక నిమిషం ఆలోచించాలని నా మనవి.

ఆ తర్వాత జాబితా పెద్దది. 1996లో పార్కిన్సన్ వ్యాధితో మాట తగ్గిపోయిన మహమ్మద్ అలీ. 2000లో ఆఫ్రికాలో ఎయిడ్స్ మందులు పేదలకు అందకపోవడం మీద కథనం. అదే ఏడాది ఓక్లహోమా బాంబు కేసు దోషి టిమోతీ మెక్‌వేతో జైల్లో ఇంటర్వ్యూ. 2004లో, టీవీ ఇంటర్వ్యూ ఇచ్చి దాదాపు ఇరవై ఏళ్లయిన బాబ్ డిలాన్.

ఆ 2004లోనే ఎమ్మెట్ టిల్ మీద కథనం. ఎమ్మెట్‌ను 1955 ఆగస్టులో మిసిసిపీలో తెల్లవాళ్లు ఎత్తుకెళ్లి చంపారు. వయసు పద్నాలుగు. చేసిన నేరం, ఒక తెల్ల మహిళతో దుకాణంలో హద్దు దాటి ప్రవర్తించాడన్న ఆరోపణ. తల్లి మామీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచి, నా కొడుకును ఏం చేశారో లోకం చూడాలని పట్టుబట్టింది. హంతకులను కోర్టు వదిలేసింది. 2004 మేలో అమెరికా న్యాయశాఖ ఆ కేసును తిరిగి తెరుస్తున్నట్టు ప్రకటించింది. అక్టోబరులో బ్రాడ్లీ కథనం వచ్చింది.

తేదీలు చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఎమ్మెట్ టిల్ పుట్టింది 1941 జూలై 25న. బ్రాడ్లీ కంటే సరిగ్గా నెలా మూడు రోజులు చిన్న. ఆ వేసవిలో ఇద్దరికీ పద్నాలుగేళ్లు. ఒకడు నదిలో శవమై తేలాడు. ఇంకొకడు నలభై తొమ్మిదేళ్ల తర్వాత దేశం మొత్తానికి ఆ కథ చెప్పాడు. 'మీ వాళ్ల విషయం మీకే బాగా తెలుస్తుంది' అన్న మాటలో నిజం లేదని కాదు. ఉంది. కానీ ఆ మాటను ఎవరు ఎవరితో అంటున్నారన్నది ముఖ్యం. మనం అనుకుంటే అది బాధ్యత. పైవాడు అంటే అది సరిహద్దు.

ఇంకో చిన్న సంగతి. 1980ల మధ్యలో బ్రాడ్లీ చెవికి పోగు పెట్టుకున్నాడు. జాతీయ టీవీ వార్తల్లో మగవాడికి చెవిపోగా! ఆఫీసులో కనుబొమలు ముడిపడ్డాయి. అతను తీయలేదు. గడ్డం, చెవిపోగు, జాజ్, అన్నీ తనతో పాటే తెర మీదికి తెచ్చాడు. లోపలికి రావాలంటే బయట చెప్పులతో పాటు నిన్ను నువ్వు కూడా వదిలి రావాలన్న షరతును అతను ఒప్పుకోలేదు.

జాజ్‌నూ వదల్లేదు. లింకన్ సెంటర్ జాజ్ రేడియో కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి నడిపాడు. న్యూ ఆర్లీన్స్ జాజ్ ఉత్సవానికి వెళితే వేదికెక్కి గిలకల డప్పు పట్టుకుని మిత్రులతో కలిసి వాయించేవాడు. ఫిలడెల్ఫియాలో జీతం లేకుండా రికార్డులు వేసిన కుర్రాడు చివరి దాకా అతనిలో బతికే ఉన్నాడు.

చివరి రోజుల్లో బ్లడ్ క్యాన్సర్. చాలామందికి చెప్పలేదు. టెక్సాస్ నగరంలో 2005లో 15 మంది కార్మికులను బలిగొన్న చమురుశుద్ధి కర్మాగారం పేలుడు మీద అతని కథనం 2006 అక్టోబరు 29న ప్రసారమైంది. అదే ఆఖరిది. నవంబరు 9న న్యూయార్క్‌లో చనిపోయాడు. వయసు 65. మరుసటి ఏడాది జాజ్ ఉత్సవంలో, బ్యాండుతో ఊరేగింపుగా, న్యూ ఆర్లీన్స్ పద్ధతిలో అతనికి వీడ్కోలు చెప్పారు.

ఇక్కడితో ఆపితే ఇది విజయగాథ అవుతుంది. ఆపకూడదు. ఒక్క బ్రాడ్లీ వచ్చినంత మాత్రాన న్యూస్‌రూమ్ మారిపోలేదు. తెర మీద ఒక నల్ల ముఖం కనిపించడం వేరు, ఏది వార్తో నిర్ణయించే బల్ల దగ్గర కూర్చోవడం వేరు. ఆ తేడా మనకు బాగా తెలియాలి.

ఎందుకంటే మన దేశంలో ఆ మొదటి మెట్టే ఎవరూ లెక్కించలేదు. 1996లో లెక్క మొదలవడానికి కారణం ఎవరో తెలుసా? కెన్నెత్ కూపర్ అనే నల్లజాతి అమెరికన్ జర్నలిస్టు. వాషింగ్టన్ పోస్ట్ తరఫున ఢిల్లీలో పనిచేస్తూ, ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలి, ఎవరైనా ఉంటే చెప్పండి అని బీ.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ జర్నలిస్టును అడిగాడు. ఉనియాల్ వెతికాడు. ముప్ఫై ఏళ్ల తన వృత్తిలో ఒక్క దళిత సహచరుడూ తారసపడలేదని అప్పుడే గ్రహించాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది విలేకరుల జాబితా తీశాడు. 454 మంది పేర్ల చివర కులం తోకలున్నాయి, వాటిలో ఒక్కటీ దళితులది కాదు. మిగిలినవాళ్లలో కొందరికి ఫోన్ చేసి అడిగినా ఒక్కరూ దొరకలేదు. 1996 నవంబరులో ది పయనీర్ పత్రికలో ఆ వ్యాసం రాశాడు. అంబేద్కర్ 'మూక్‌నాయక్' పెట్టింది 1920 జనవరి 31న. అప్పటికి డెబ్బై ఆరేళ్లు.

బ్రాడ్లీ చనిపోయిన 2006లోనే ఢిల్లీలో ఇంకో సర్వే జరిగింది. 37 జాతీయ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిలో ఎస్సీ, ఎస్టీ ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీలు మళ్లీ సున్నా.

ఇప్పుడు నా విద్యార్థిని దగ్గరికి వస్తాను. రెండు రోజులు కాస్తా నాలుగు రోజులయ్యాక ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. చివర నాకు తోచిన మాట చెప్పాను:

"హాస్టల్ పిల్లల వార్త ఒద్దనకమ్మా. నువ్వు పోకపోతే ఆ పిల్లల్ని అడిగేవాళ్లుండరు. కానీ దాంతో పాటు ఇంకోటి అడుగు. నోటితో అడిగితే గాలికి పోతది, కాగితం మీద అడుగు. రెండేండ్లలో నీకిచ్చిన పనులన్నీ తేదీలతో రాసి పెట్టు. లెక్క చూపెట్టు. ఇంకో మాట, ఒక్కదానివే పోకు. నీలాంటివాళ్లు ఆ ఆఫీసుల ఇంకెవరున్నరో చూడు."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. "లెక్క నా దగ్గరున్నది మేడం. డైరీ రాస్త కదా" అంది.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది. రెండు ప్రతిపాదనలు రాసి ఇచ్చిందట. ఒకటి ఒక గురుకులంలో తాగునీటి మీద. రెండోది చిందు కళాకారుల మీద: వాళ్లను ఎప్పుడూ అంతరించిపోతున్న కళ అని జాలిగా చూపించడం కాకుండా, వాళ్ల ఆటలో కథ ఎలా నడుస్తుంది, తాళం ఎలా మారుతుంది అన్నది చూపించాలని. ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే చెబుతాను. రాకపోయినా చెబుతాను.

జర్నలిజం చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని. మీరు పనిచేసే చోట, లేదా ఇంటర్న్‌షిప్ చేసే చోట, ఒక నెల రోజులు ఎవరికి ఏ వార్త ఇచ్చారో రాసిపెట్టండి. పేర్లు బయటపెట్టకుండా కామెంట్లలో ఆ లెక్క మాత్రం చెప్పండి. ఉనియాల్ ఒక్కడే చేశాడు. మనం వందమందిమి చేయగలం.

వచ్చే భాగం షార్లీన్ హంటర్-గాల్ట్ గురించి. 1961లో జార్జియా విశ్వవిద్యాలయంలోకి అడుగుపెట్టిన ఇద్దరు తొలి నల్లజాతి విద్యార్థుల్లో ఒకరు, తర్వాత టీవీ జర్నలిస్టు.

జై భీమ్.